బెయిలు వచ్చిన మనిషి

మా పాపినాయుడు గారికి ఒక అలవాటుంది. జూనియర్లెవరైనా పెద్ద ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఇరవై రెండేళ్లుగా ఆయన దగ్గర గుమాస్తాని కాబట్టి నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లు మాత్రం పెద్ద లాయరుగారికి చెవుడేమో అనుకుంటారు.

ఢిల్లేశ్వరరావు ఆయన జూనియర్లలో చురుకైనవాడు. న్యాయసేవా సంస్థ తరఫున పేదల కేసులు ఫీజు లేకుండా వాదిస్తాడు, జడ్జిగారి వెంట ఊళ్లకు వెళ్లి చట్టాల మీద సదస్సుల్లో మాట్లాడతాడు. మంచివాడే. కాకపోతే మైకు దొరికితే వదలడు. ఒక శనివారం అతను నాయుడు గారిని అడిగాడు.

"సార్, ఫీజిచ్చే క్లయింటైతే పని ఎప్పుడు అయిపోయిందో ఆయనే చెబుతాడు. ఈ ఉచిత కేసుల్లో మన పని ఎక్కడితో అయిపోయినట్టు?"

నాయుడు గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఈమధ్య ఏం గెలిచావు?" అన్నారు.

"సింహాచలం బెయిలు సార్. పొలం మోటారు దొంగతనం కేసు. మొదటి వాయిదాలోనే ఆర్డరు వచ్చేసింది."

"అతన్ని నాకోసారి చూడాలనుంది. తీసుకురా."

చూసి ఏం చేస్తారో నాకూ అంతుపట్టలేదు. ఉండబట్టలేక మర్నాడు ఢిల్లేశ్వరరావు బండి వెనకెక్కాను.

జీడితోటల పక్కన చిన్న ఊరు. రెండు వారాల కిందట అక్కడి బడిలోనే సదస్సు జరిగింది. గోడ మీద ఫ్లెక్సీ ఇంకా ఉంది, మూలన మావాడి ఫొటో కూడా ఉంది. బండి ఆపి మరీ నాకు చూపించాడు.

సింహాచలం ఇంటి ముందు అతని భార్య గౌరమ్మ పసిబిడ్డను భుజానేసుకుని జీడిగింజలు ఎండబోస్తోంది.

"సింహాచలం ఉన్నాడామ్మా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"ఎక్కడుంటాడు బాబూ, జైల్లోనే ఉన్నాడు. మీరే కదా ఆయన పిలీడరు?"

"అదేమిటి! మూడు నెలల కిందటే బెయిలొచ్చిందిగా!"

"వచ్చిందా?" అని ఆవిడ నా మొహం కేసి కూడా చూసింది.

ఆర్డరు వచ్చినంత మాత్రాన మనిషి బయటికి రాడు. భూమి కాగితాలున్నవాళ్లు ఇద్దరు కోర్టుకొచ్చి జామీను నిలబడాలి. ఆ ముక్క ఢిల్లేశ్వరరావు నసుగుతూ నసుగుతూ చెప్పాడు.

"నాకెవులు సెప్పినారు బాబూ?" అంది గౌరమ్మ. "మొన్న బడికాడ మీటింగులో ముందు వరసలోనే కూకున్నాను. ఆయనే మా పిలీడరని పక్కోళ్లకి సూపించినాను. మీరు మాట్లాడింతర్వాత సప్పట్లు కూడా కొట్టినాను. అయిపోయాక అడుగుదావంటే మీరు జీపెక్కి ఎల్లిపోనారు."

నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టలేదు. ఢిల్లేశ్వరరావు తలెత్తలేదు. నేను మాత్రం ఎక్కడ ఎత్తగలను? ఆ ఆర్డరు కాపీని కట్టలో పెట్టి, దారం బిగించి, అటక మీదికి చేర్చింది నేనే. ఆ బిడ్డ పుట్టకముందే వచ్చిన ఆర్డరది.

సోమవారం పొద్దున్నే ఢిల్లేశ్వరరావు జామీను షరతు సడలించమని పిటిషన్ వేశాడు. మేజిస్ట్రేటు ఇంద్రాణి గారు చదువుతూ చదువుతూ ఆగారు.

"నేను ఆర్డరిచ్చి మూడు నెలలైంది. ఈ మనిషి ఇంకా లోపలే ఉన్నాడా?"

ఆవిడ సింహాచలాన్ని జామీనుదార్లు లేకుండా సొంత పూచీకత్తు మీద వదలమని అక్కడికక్కడే రాసి సంతకం చేశారు.

ఆ సాయంత్రం సబ్ జైలు గేటు దగ్గర గౌరమ్మా, మేమూ నిలబడ్డాం. సింహాచలం చేతిసంచితో బయటికొచ్చాడు. బిడ్డను అతను చూడడం అదే మొదలు. చేతులు లుంగీకి రెండుసార్లు తుడుచుకుని అందుకున్నాడు.

కాసేపటికి ఢిల్లేశ్వరరావు వైపు తిరిగి, "బెయిలు ఎప్పుడొచ్చింది బాబూ?" అన్నాడు.

అతను తారీఖు చెప్పాడు.

"మరయితే ఇన్నాళ్లూ నేనెందుకున్నాను?"

నిలదీస్తున్నట్టు అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఢిల్లేశ్వరరావు చేతులు జోడించాడు. భార్యాభర్తలు బిడ్డతో ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

నాయుడు గారు ఎప్పుడొచ్చారో, మా వెనకే ఉన్నారు. శిష్యుడు ఆయన్ని చూసి ఒక్కసారిగా ఏడ్చేశాడు.

"తప్పయిపోయింది సార్. అతనికి ఏం చెప్పాలో తెలియలేదు."

ఆయన మూసిన గేటు వైపు చూస్తూ అన్నారు:

"అతనికి చెప్పేదేముందిలే నాయనా. లోపల అతని పక్కన పడుకునేవాళ్ల పేర్లు అడిగావా?"