భోజన్న తెచ్చిన వేడినీళ్లు

నిర్మల్ పట్టణంలో భోజన్న అనే బస్సు డిపో టైమ్‌కీపర్ ఉండేవాడు. దేనికీ ఒక్క క్షణం ఆగలేకపోవడం అతని బలహీనత.

అన్నం ఉడకకముందే గిన్నె మూత తీసేవాడు. ఎదుటివాళ్లు మాట మొదలుపెడితే మిగతాది తనే పూర్తిచేసేవాడు. ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్లినా తలుపు దబదబా బాది, "ఇంకా ఎంతసేపు?" అని అరిచేవాడు. వినీ వినీ అందరికీ అలవాటైపోయింది. ఎవరూ జవాబు కూడా చెప్పేవాళ్లు కాదు.

ఆ ఏడు చలి బాగా ముదిరింది. అదే సమయంలో కూతురు నవనీత పురిటికి వచ్చి, పండులాంటి మగబిడ్డను కన్నది. బాలింతకూ బిడ్డకూ వేడినీళ్లు కాచి మోసీ మోసీ భార్య శకుంతలకు నడుము పట్టేసింది.

"ఎన్నాళ్లని మొయ్యను? ఒక గీజర్ కొనరాదూ?" అన్నది ఆమె.

ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే భోజన్న చెప్పులు వేసుకున్నాడు.

బజారులో అనసూయమ్మ అనే ఆవిడ కరెంటు సామాన్ల దుకాణం నడిపేది. ఆమె రెండు రకాలు చూపించింది.

"ఇది ట్యాంకు గీజర్ అన్నా. కరెంటుతో నడుస్తుంది. స్విచ్ వేసి, నీళ్లు కాగేదాకా కాసేపు ఆగాలి. ఇదేమో ట్యాంకు లేనిది. గ్యాసుతో నడుస్తుంది. నల్లా తిప్పగానే వేడినీళ్లు వస్తాయి. కానీ..."

"నల్లా తిప్పగానే! ఇదే నాకు కావలసింది. ఇచ్చెయ్యమ్మా" అన్నాడు భోజన్న.

"పూర్తిగా వినన్నా. దీన్ని బాత్రూంలో పెట్టొద్దు. బయట గాలి ఆడే గోడకు బిగించి, పైపు లోపలికి తీసుకోవాలి. గోడకు రంధ్రం కొట్టే మనిషి ఊరికి పోయిండు. ఎల్లుండి పంపిస్తా."

"ఎల్లుండిదాకా ఎవరు ఆగుతారమ్మా?" అంటూ భోజన్న పెట్టె భుజాన వేసుకుని బయటపడ్డాడు.

ఎవరినో పిలిపించి గీజర్‌ను బాత్రూం లోపలే పెట్టించాడు. చలిగాలి రాకుండా అక్కడి చిన్న కిటికీకి భోజన్నే అంతకుముందు అట్టముక్క కొట్టి ఉంచాడు. "కిటికీ తెరవద్దా?" అని శకుంతల అడిగితే, "తెరిస్తే బాలింతకు చలి కొట్టదా?" అని కసిరాడు. నల్లా తిప్పాడు. పొగలు కక్కుతూ నీళ్లు వచ్చాయి. "చూశారా!" అని మురిసిపోయాడు.

మరునాటి ఉదయం నవనీత తలంటుకోవడానికి వెళ్లింది. బిడ్డ అమ్మమ్మ ఒడిలో నిద్రపోతున్నాడు. కాసేపటికి భోజన్న అలవాటు ప్రకారం తలుపు బాదాడు.

"ఇంకా ఎంతసేపు?"

జవాబు లేదు. మళ్లీ బాదాడు. మళ్లీ జవాబు లేదు.

"నీ గోల ఎప్పుడూ ఉండేదే. బాలింత పిల్ల, నిమ్మళంగా పోసుకోనియ్యి" అన్నది శకుంతల.

అంతలో తలుపు కిందినుంచి నీళ్లు పారుతూ గదిలోకి వచ్చాయి. బకెట్ నిండి పొర్లుతున్నా లోపల ఎవరూ నల్లా కట్టడం లేదు. "నవనీతా! అమ్మా!" అని భోజన్న భుజంతో తలుపును గుద్దాడు. గడియ ఊడింది.

నవనీత గోడకు ఒరిగి పడి ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. పిలిస్తే పలుకు లేదు, కదిపితే కదలిక లేదు. శకుంతల కెవ్వున అరిచింది. భోజన్న కూతురిని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఇరుగుపొరుగువాళ్లు ఆటో ఎక్కించారు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"ప్రాణాపాయం తప్పింది. మూసిన గదిలో గ్యాసు మండితే విషవాయువు పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు."

భోజన్న గోడవారగా కూలబడ్డాడు. శకుంతల బిడ్డను గుండెకు హత్తుకుని, "వీడికి కూడా రేపటినుంచి అక్కడే నీళ్లు పోద్దామనుకున్నా" అన్నది.

సాయంత్రానికి నవనీత మాట్లాడగలిగింది.

"బాపూ, నువ్వు తలుపు కొట్టడం వినబడ్డది. ఎప్పటిలాగే తొందరపెడుతున్నావనుకున్న. తర్వాత పలుకుదామంటే నాలుక లేవలేదు."

భోజన్న కూతురి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఇంటికి వెళ్లగానే గ్యాసు సిలిండర్ ఆపేసి, కిటికీకి కొట్టిన అట్టను పీకేశాడు. మరునాడు గీజర్ తీసుకుని దుకాణానికి వెళ్లి, జరిగినదంతా చెప్పాడు. అనసూయమ్మ బిత్తరపోయింది.

"కూతురు బాగుంది కదా? అదే పదివేలు. తప్పు యంత్రానిది కాదన్నా. బయట గాలి ఆడే చోట ఉంటే అదీ మంచిదే."

"అమ్మా, మా ఇంటికి ఏది సరిపోతుందో నువ్వే చెప్పు. ఈసారి వింటా" అన్నాడు భోజన్న.

బాత్రూం ఎంత ఉంది, బయట గోడ ఎటువైపు ఉంది, ఇంట్లో ఎందరున్నారు అని ఆమె ఒక్కొక్కటీ అడిగింది. బయటి గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడిదని, అటువైపు గ్యాసు గీజర్ బిగించే వీలు లేదని తేలింది. "అయితే మీకు ట్యాంకుదే తగినది. స్నానానికి వెళ్లేముందు మాత్రం స్విచ్ తప్పకుండా ఆపాలి" అన్నది. భోజన్న మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. బిగించే మనిషి వచ్చేదాకా, శకుంతలకు బదులు తనే పొయ్యిమీద నీళ్లు కాచి మోశాడు.

నీతి: ఏ వస్తువైనా ఎంత త్వరగా పనిచేస్తుందన్నది కాదు, మన ఇంటికి తగినదా కాదా అన్నదే ముందు చూడాలి, మంచి చెప్పేవారి మాట చివరిదాకా వినని తొందరపాటు ప్రాణాలమీదికి తెస్తుంది.