ఊడవని ఇల్లు

అనగనగనగా, చెరకు తోటలకి అవతల, కొండ కింద గాజులమెట్ట అని ఒక ఊరు. ఆ ఊళ్ళో గవరయ్య, అచ్చియ్యమ్మ అని మొగుడూ పెళ్ళాలు. ఊఁ కొట్టవే చిన్నీ, నేను గోడకి చెప్పుకుంటున్నానా ఏవిటి?

గవరయ్య బెల్లం వండేవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ అరికాల్లో చక్రం ఉందే తల్లీ! ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. అన్నం తింటూ వీధిలోకి చూసేవాడు. పడుకుని కూడా కాళ్ళు ఆడించేవాడు. దారంట ఎవరు పోతున్నా పరుగెత్తుకెళ్ళి, "ఏ ఊరు బాబూ? మీ వైపు చూడ్డానికి ఏముంటాయి?" అని అడిగేవాడు. పాకం మాడిపోయేది.

అచ్చియ్యమ్మకి కాళ్ళు కుదురే, చేతులకి కుదురు లేదు. పొద్దున్న లేచింది మొదలు చీపురు పట్టుకునేది. వాకిలి ఊడ్చేది, వసారా ఊడ్చేది, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. వాళ్ళింట్లో కంచం అక్కర్లేదు, నేల మీదే అన్నం పెట్టుకుని తినచ్చు అనేవాళ్ళు ఊళ్ళోవాళ్ళు.

ఒకనాడు పొద్దున్నే గవరయ్య మూట కట్టాడు. "అచ్చీ, కాశీ వెళ్ళొస్తానే. ఇంక నావల్ల కాదు. ఇక్కడే ఉంటే ఊపిరాడ్డం లేదు" అన్నాడు. ఆవిడ వద్దనలేదు. వద్దంటే మాత్రం ఆగే మనిషా? ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి ఇచ్చింది. పెరుగన్నం కలిపి పెట్టింది. వీధి మలుపు దాకా వెళ్ళి సాగనంపింది.

ఇప్పుడు నీకో సంగతి చెప్పాలి. మనిషి ప్రయాణమై గడప దాటాక, వెళ్ళిన చోటికి చేరేదాకా ఇల్లు ఊడవకూడదు. మా అమ్మ చీపురు ముట్టుకోనిచ్చేది కాదు. ఊడిస్తే ఆ మనిషి నడిచిన దారి కూడా తుడిచిపెట్టుకుపోతుందట, తిరిగి రావడానికి తోవ దొరకదట. పక్కూరు వెళితే ఒక పూట ఆగుతాం. పట్నం వెళితే ఒక రోజు. మరి కాశీ అంటే?

"ఎంతలే, పది రోజులు. చేరానని కబురు రాగానే ఊడ్చుకుంటాను" అనుకుంది అచ్చియ్యమ్మ. చీపురు తలుపు మూల పెట్టేసింది.

పది రోజులయ్యాయి, ఇరవయ్యయ్యాయి, కబురు లేదు. ఆవిడకి చేతులు ఒకటే దురద. ఉండబట్టలేక పక్కింటి వాకిలి ఊడ్చింది. ఆ తర్వాత ఎదురింటిది ఊడ్చింది. ఆ తర్వాత వీధంతా ఊడ్చేసింది. నెల తిరిగేసరికి గాజులమెట్ట అద్దంలా మెరిసిపోతోంది, ఆవిడ ఇల్లు తప్ప!

అప్పుడు వచ్చాడు తపాలా దాలినాయుడు. "వదినా, అన్న కార్డు రాశాడు!" అన్నాడు. అచ్చియ్యమ్మకి చదువు రాదు. చీపురు చేత్తో పట్టుకునే, "చదువు మరిదీ, తొందరగా చదువు" అంది.

"అచ్చీ, ఇక్కడ గంగ ఒడ్డున ఎన్ని మెట్లో! తెల్లారేసరికి మెట్లన్నీ జనం, నీళ్ళన్నీ బంతిపూలు. పడవలో కూర్చుంటే దిగబుద్ధి కాదు. కానీ ఒక బైరాగి కలిసి మంచుకొండల సంగతి చెప్పాడే. అవి చూడనిదే నేను చేరినట్టే కాదు. రేపే బయల్దేరుతున్నాను."

"చేరినట్టా, చేరనట్టా?" అంది అచ్చియ్యమ్మ.

"చేరినట్టు కాదని ఆయనే రాశాడు కదా వదినా" అన్నాడు దాలినాయుడు.

చీపురు మళ్ళీ మూలకి వెళ్ళింది.

ఏడాది గడిచింది. ఇంట్లో మట్టి చీలమండలు దాటింది. రోలు పక్కన బీరపాదు మొలిచింది. కోడి వచ్చి మంచం కింద దుమ్ములో గుంట చేసుకుని గుడ్లు పెట్టింది. ఆవిడ పొయ్యి పెరట్లోకి మార్చుకుంది. పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుని, "చోద్యం కాకపోతే, ఊడ్చెయ్యవే! ఎవరు చూడొచ్చారు?" అంది. అచ్చియ్యమ్మ చీపురు ఎత్తేది. ఏ పరాయి దేశంలోనో మొగుడు దారి తప్పి దిక్కులు చూస్తున్నట్టు కళ్ళకి కట్టేది. దింపేసేది. ఆవిడకి ఆయనంటే ప్రాణం మరి.

ఆ తర్వాత రెండో కార్డు వచ్చింది.

"అచ్చీ, మంచుకొండలు చూశాను. పొద్దు పొడుస్తుంటే మన బెల్లం పాకం రంగులోకొచ్చేస్తాయి. అవి దిగి, పడమటి దారి పట్టి ఇసుక దేశం వచ్చాను. ఇక్కడ ఇసుకే కొండలు. నిన్న ఉన్న కొండ ఇవాళ ఉండదు, గాలి దాన్ని ఇంకో చోట పోస్తుంది. ఒంటె ఎక్కాను, నడుం విరిగింది. ఇక్కడివాళ్ళు పొద్దు గుంకని దేశం ఒకటుందంటున్నారే! ఇంక నాకు కాలు నిలవడం లేదు."

"చేరానని ఎక్కడైనా రాశాడేమో చూడు. మూలల్లో చూడు" అంది ఆవిడ. దాలినాయుడు కార్డు అటూ ఇటూ తిప్పాడు. "లేదు వదినా" అన్నాడు.

రెండో ఏడూ గడిచింది. ఇంట్లో మట్టి మోకాలికి వచ్చింది. అబద్ధమంటావా? నువ్వు చూశావా, నేను చూశానా! ఆ వేసవిలో పెద్ద గాలిదుమారం లేచింది. దారిలో దుమ్మంతా ఆ ఒక్క కొంపలోకే వచ్చి కూర్చుంది. అచ్చియ్యమ్మకి కడుపు మండిపోయింది. "పోతే పోయాడు!" అని చీపురు తీసి ఒక్క వేటు వేసింది, సర్రుమని.

అంతే! చీపురు అవతల పారేసింది. ఊడ్చిన ఆ కాస్త దుమ్మూ దోసిట్లోకి ఎత్తింది. ఎక్కడిదక్కడ, పొల్లు పోకుండా మళ్ళీ జల్లింది. "లేదు మావా, ఊడవలేదు, నువ్వు రా, నీ దారి నీకుంది" అంటూ ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చింది.

మూడో కార్డు మూడో ఏడు వచ్చింది. "అచ్చీ, పొద్దు గుంకని దేశం ఇదేనే. పడుకునే వేళకి కూడా ఎండే. పిట్టలకి గూటికెళ్ళాలని తోచదు. నాకూ తోచడం లేదు. దీనికవతల ఇంకా ఏదో ఉందట." అంతే. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు. కార్డు తీసుకుని చూరులో దోపుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక పొద్దున్న, ఎవరో వాకిట్లో నిలబడి, "అచ్చీ!" అని పిలిచారు. గవరయ్యే! గడ్డం పెరిగింది, మొహం నల్లబడింది, కళ్ళు మాత్రం వీధివైపే ఉన్నాయి. అచ్చియ్యమ్మ పరుగున చెంబు తెచ్చింది. కాళ్ళకి నీళ్ళిచ్చింది. అప్పుడు మెల్లిగా, "చేరావా మావా?" అంది.

"చేరడమేవిటే! ఆవకాయ అయిపోయింది. ఓడ విశాఖపట్నం రేవులో ఆగితే దిగి పరుగెత్తుకొచ్చాను. ఎల్లుండి మళ్ళీ ఎక్కాలి" అన్నాడు. అని లోపలికి తొంగి చూశాడు. ఒక్కసారి ముక్కు మూసుకున్నాడు. "ఛీ ఛీ! ఏవిటే ఇల్లిలా పెట్టుకున్నావ్? మూడేళ్ళుగా చీపురు ఏం చేశావ్?"

హవ్వ! ఆ మాట అనచ్చునా? అచ్చియ్యమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నావు కదూ? నవ్వింది. పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి గవరయ్యకి భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ తలంటుకుంది, గంజి పెట్టిన చీర కట్టుకుంది, మూట సర్దుకుంది. కొత్తావకాయ జాడీ ఆ మూటలోనే పెట్టుకుంది. "మూడేళ్ళు నీ ఊళ్ళన్నీ విన్నాను మావా. ఇప్పుడు చూసొస్తాను. నేను చేరానని కబురొచ్చేదాకా ఇల్లు ఊడవకు" అంది. అని గడప దాటేసింది. వెనక్కి తిరిగి చూడలేదు.

"ఇదెంత దూరం వెళుతుందిలే" అనుకున్నాడు గవరయ్య. సాయంత్రానికి రాలేదు. మర్నాడూ రాలేదు. దుమ్ముకి తుమ్ములు మొదలయ్యాయి. "ఊడిస్తే దారి పోతుందట! అన్నీ వెర్రి మాటలు" అని చీపురు అందుకున్నాడు. అందుకున్నాడే గానీ, చెయ్యి కిందికి వంగలేదు. అచ్చి ఎన్నడూ ఊరి పొలిమేర దాటలేదు. ఏ రైల్లో ఎక్కిందో, ఎవర్ని దారి అడుగుతోందో! చీపురు మూల పెట్టేశాడు.

ఓడ వెళ్ళిపోయింది. ఆ సంగతే గుర్తు లేదు అతనికి. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నిలబడి తిన్నాడు, కూర్చుని నిద్రపోయాడు. దాలినాయుడి సైకిల్ చప్పుడైతే చాలు, వీధిలోకి ఒక్క ఉరుకు. ఎన్ని దేశాలు తిరిగినా అంత అలిసిపోలేదు పాపం.

పద్దెనిమిదో రోజున కార్డు వచ్చింది. ఎవరి చేతో రాయించింది.

"కాశీ చేరాను. ఇల్లు ఊడ్చుకో."

గవరయ్య కార్డు తిప్పి చూశాడు. "ఇంతేనా? మెట్ల సంగతి? పడవల సంగతి?" అన్నాడు.

"రైలు దిగగానే రాయించినట్టుంది అన్నా. ఇంకా గంగ చూసుండదు" అన్నాడు దాలినాయుడు.

అప్పుడు గవరయ్య అరుగు మీద కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. "మూడేళ్ళలో మూడు కార్డులు రాశానురా. ఒంటె గురించి రాశాను, ఎండ గురించి రాశాను. ఈ ఒక్క మాట దానికి రాయలేకపోయాను" అన్నాడు.

ఆ తర్వాత లేచి పంచె ఎగ్గట్టాడు. మూడు రోజులు ఊడ్చాడు. మొదటి రోజు గంపలతో ఎత్తాడు. రెండో రోజు నేల కనబడింది. మూడో రోజు గోడలు దులిపి, నేల కడిగి, పేడతో అలికాడు. నడుం పట్టేసింది. అయినా ఇల్లు చూసుకుంటే ఎంత ముచ్చటగా ఉందో! అచ్చి చూస్తే బాగుండు అనిపించింది.

గడప దగ్గర ఆఖరి గంప ఎత్తుతుండగా మళ్ళీ సైకిల్ గంట. ఇంకో కార్డు.

"గంగ చూశాను. బాగుంది. రేపు మంచుకొండలకి బయల్దేరుతున్నాను. చీపురు మూల పెట్టు."

గవరయ్య రెండుసార్లు చదువుకున్నాడు. చీపురు తలుపు మూల పెట్టాడు. అరుగు మీదికొచ్చి దారి వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆవిడేమో కొండకి, ఆయనేమో గడపకి,
కథ చేరింది కంచికి, నువ్వు చేరు మంచానికి.