పాలు ఎవరు దించారు?

విశ్వపతి మాస్టారు ఏదడిగినా సూటిగా జవాబు చెప్పరని సామర్లకోటలో అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి, ప్రశ్న వినగానే అడిగినవాళ్ళకే ఏదో ఒక పని అప్పగించేవారు. ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు కరెంటాఫీసులో పనిచేస్తున్న హైమావతి ఆ సంగతి తెలిసే అడిగింది.

"మాస్టారూ, ఈ నవల చదువుతున్నంతసేపూ విసుక్కున్నాను. పూర్తయ్యాక కళ్ళకద్దుకున్నాను. ఇందులో ఏది నిజం?"

ఆ నవల పేరు 'మూడు పొయ్యిలు'. ఒకే వంటింట్లో మూడు పొయ్యిలు పెట్టుకుని ఎవరికి వారు వండుకునే ముగ్గురు తోటికోడళ్ళ కథ. రాసిన సీతారత్నంగారు పక్క ఊళ్ళో నర్సుగా చేసి రిటైరయ్యారు. అరవై రెండో ఏట ఇది ఆవిడ మొదటి పుస్తకం. నెలాఖరు ఆదివారం గ్రంథాలయంలో ఆవిడ ఎదుటే హైమావతి దీని గురించి మాట్లాడాలి. ఉన్నదున్నట్టు చెబితే ఆ పెద్దావిడ మనసు విరిగి మళ్ళీ కలం పట్టరేమో. చెప్పకపోతే తను నిండు సభలో అబద్ధమాడినట్టు. ముందు నుయ్యి వెనక గొయ్యి అయి, నాలుగు రోజులుగా ఆమెకి అన్నం సయించడం లేదు.

మాస్టారు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "మా అక్కయ్యకి చూపు ఆనడం లేదు. రోజూ సాయంత్రం వచ్చి ఇది చదివి వినిపించు" అన్నారు.

మాణిక్యాంబగారికి ఎనభై దాటాయి. లక్షవత్తుల నోముకని దూది పక్కన పెట్టుకుని, వత్తులు చేసుకుంటూ వినేవారు. పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజున వంటింటి పోట్లాట వచ్చింది. పెద్దకోడలూ రెండో కోడలూ ముప్ఫై పేజీలు తిట్టుకుంటారు. అన్న మాటే మళ్ళీ అంటారు, పడ్డ మాటే మళ్ళీ పడతారు. పాపం పెద్దావిడని ఎందుకు విసిగించాలని హైమావతి ఆ ముప్ఫై పేజీలూ గుట్టుచప్పుడు కాకుండా దాటేసి, మూడో కోడలి సీమంతంలో తేలింది.

వత్తి చేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి.

"ఆగవే. పొయ్యి మీద రెండోదాని పాలున్నాయి కదా. ఎవరు దించారు?"

హైమావతి ఆ పేజీలు ముందు చదివినవే. కానీ విసుక్కుంటూ చదివిన మనిషికి పాలు ఎక్కడ కనబడతాయి? సిగ్గుపడి, వెనక్కి తిప్పి, ఒక్క మాట వదలకుండా చదివింది. ఆ ముప్ఫైలో ఇరవయ్యో పేజీలో దొరికింది. పెద్దకోడలు తిట్టు మధ్యలో ఆపి, కొంగుతో గిన్నె పట్టుకుని రెండోదాని పాలు దించి, ఆపిన దగ్గర్నుంచే మళ్ళీ అందుకుంది.

మాణిక్యాంబగారు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"అదీ! నేనూ మా తోటికోడలూ ఇరవై ఏళ్ళు అలాగే వెళ్ళదీశాం. మాటల్లేవు గానీ, దాని పాలు ఒక్కనాడూ పొంగిపోనివ్వలేదు. అదీ పోయి తొమ్మిదేళ్ళయిందే అమ్మా."

ఆ సాయంత్రం ఇంక చదువు సాగలేదు. ఆ తోటికోడలి ముచ్చట్లతోనే దీపాలు పెట్టే వేళయింది.

నవల చివరి పేజీలో ముగ్గురు కోడళ్ళూ కావిలించుకుని, భోరున ఏడ్చి, కలిసిపోయారు. మాణిక్యాంబగారు మూతి విరిచారు. "ఛ, ఇది అబద్ధం. ఒక్క పూటలో ఎవరు కలుస్తారే?" అని, అదే నోటితో "రాసిన తల్లి చల్లగా ఉండాలి" అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఊపిరైనా తీసుకోలేదు. హైమావతి ఇన్నాళ్ళూ తేల్చుకోలేక సతమతమైన సంగతి ఆవిడకి అసలు పేచీయే కాదు. హైమావతికి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టింది.

ఆదివారం సభలో తనకంటే ముందు మాట్లాడిన ఐదుగురూ నవలని ఆకాశానికెత్తారు. శాలువా కప్పారు, ఫోటో దిగారు. హైమావతి లేచి, సీతారత్నంగారి వైపు తిరిగి అంది:

"చివర మీరు కలిపిన తీరు నేను నమ్మలేదమ్మా. వంటింటి పోట్లాట సగానికి తగ్గించొచ్చు. కానీ ఆ పోట్లాటలోనే పాలు దించిన చెయ్యి ఒకటుంది. అది రాసినందుకు మీకు దణ్ణం."

అంతే చెప్పి కూర్చుంది. సీతారత్నంగారు తల వంచుకున్నారు.

సభ ముగిశాక హైమావతి ముఖం చెల్లక పక్క గుమ్మంలోంచి బయటపడింది. మాస్టారు వరండాలో చెప్పులు వేసుకుంటున్నారు.

"ఆవిణ్ణి నొప్పించాను మాస్టారూ."

మాస్టారు కిటికీలోంచి లోపలికి చూపించారు. హాలు ఖాళీ అయింది. సీతారత్నంగారు శాలువా తీసి పక్కన పడేసి, పుస్తకం మధ్యకి తెరుచుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. కుర్చీలు సర్దే మనిషి ఆవిడ పక్క కుర్చీ తియ్యబోతే, చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నారు.

"పొగిడినవాళ్ళందరికీ నమస్కారాలు పెట్టి పంపించేసింది," అన్నారు మాస్టారు. "ఆ కుర్చీ ఎవరికోసం ఉంచిందో, వెళ్ళి అడిగి రా."