ఫోన్ తాళంచెవికి మైనమెక్కడిది

"ఫోన్‌లో ఉండే తాళంచెవికి మైనమెక్కడిది గురువుగారూ, పిసకడానికి?" అని అడిగాను. అడిగినప్పుడు నా గొంతులో కొంచెం పొగరుంది. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. గురువుగారు ఆ రోజు జవాబు చెప్పలేదు. పన్నెండు రోజుల తర్వాత నన్ను టీ తెమ్మని పంపారు. జవాబు అదే.

హజరత్తయ్య గారి తాళాల కొట్టు నెల్లూరులో, బజారు వెనక సందులో ఉంది. ఎదురెదురుగా రెండు స్కూటర్లు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే, అంత సన్నటి సందు. నలభై ఏళ్ళుగా ఆయన అక్కడే మారుతాళాలు చేస్తున్నారు. అసలు తాళంచెవిని మైనం ముద్దలో వత్తి, ఆ అచ్చు చూసుకుంటూ ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీస్తారు. చెవి తయారయ్యాక ఆ మైనం ముద్దను తీసుకుని వచ్చినవాళ్ళ చేతిలో పెడతారు. "పిసకండి" అంటారు. వాళ్ళే తమ చేత్తో పిసికి అచ్చు చెరిపితే తప్ప తాళంచెవి ఇవ్వరు. "మీ మీద మాకు నమ్మకమేలే పెద్దాయనా" అని నవ్వుతారు జనం. "మీకుంది, సంతోషం. పిసకండి" అంటారాయన. ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందని ఎవరడిగినా "అలవాటైపోయింది" అని ఆకురాయి అందుకుంటారు. నలభై ఏళ్ళూ అదే ముద్ద. ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎన్ని బీరువాలు దాంట్లోకి వచ్చి పోయాయో లెక్కలేదు. చూస్తే మాత్రం నున్నగా, ఏమీ తెలియనట్టు ఉంటుంది.

నేను ఇంటర్ సగంలో మానేసి, పాత ఫోన్లు విప్పుకుంటూ, వీడియోలు చూసుకుంటూ పని నేర్చుకున్నదాన్ని. ఎక్కడా ఆర్నెల్లు కుదురుగా ఉండను. ఆయన దగ్గర మాత్రం మూడేళ్ళు నిలిచాను. రిమోట్ చెవులు, ఫోన్ చెవులు నా వంతు. ఇనుము ఆయన వంతు. ఫోనే తాళంచెవిగా ఉన్న కరెంటు కారు మొదటిసారి మా సందు మొగకు వచ్చినప్పుడు, ఆ ఓనరు ఒప్పుకుంటే, గురువుగారు అతని చేత పదకొండుసార్లు అటూ ఇటూ నడిపించారు. మనిషి దగ్గరికి రాగానే లైట్లు ఒకసారి మిణుకుమంటాయి. ముడుచుకుని ఉన్న పక్క అద్దాలు రెండూ కుందేలు చెవుల్లా విప్పుకుంటాయి. తలుపు తాళం తెరుచుకుంటుంది. జేబులోంచి చెయ్యి కూడా తీయనక్కర్లేదు. ఆయన గొంతుక్కూర్చుని ఆ తలుపుకేసి, పుట్టిన బిడ్డను చూసినట్టు చూశారు. తన కూటికి ఎసరు పెట్టే వస్తువని ఆయనకు తెలియక కాదు. "ఇనుము లేదు, కన్నం లేదు. అడుగుల చప్పుడుకే మనిషిని పోల్చుకుంటా ఉందే! ఎవురు చేసినాడో గానీ, వాడి చేతులు కళ్ళకద్దుకోవాల" అన్నారు. ఇంకొకరి పనితనాన్ని అంత కడుపునిండా మెచ్చుకోగల మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు హైమావతి గారొచ్చారు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. భర్త నుంచి విడిగా వచ్చేసి మా పక్క వీధిలో, మేడ మీద వాటాలో అద్దెకుంటున్నారు. కారు ఆమె సొంతమే. కానీ కొన్న రోజు ఫోన్‌లో అన్నీ అమర్చింది భర్త. అందుకని అతని ఫోన్‌కి కూడా ఆ కారు తెరుచుకుంటుంది. "ఆ మనిషి చెవి తీసెయ్యాలమ్మా. నేనెక్కడుంటే అక్కడికొచ్చి, కార్లో కూర్చుని, నేనొచ్చేదాకా ఎదురుచూస్తాడు. కొట్టడు, తిట్టడు. కూర్చుంటాడు, అంతే" అన్నారు.

అది పెద్ద పనేం కాదు. ఆమె ఫోన్‌లో తాళంచెవుల జాబితా తెరిచాను. చెవి ఇవ్వడం, తీసెయ్యడం సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూద్దామని ముందు నా ఫోన్‌కి ఒక చెవి పంపుకున్నాను. దానికి 'సర్వీస్' అని పేరు పెట్టాను. పనిచేసింది. భర్త చెవి తీసేశాను. నాది తీయలేదు. మరిచిపోయానని చెప్పుకుంటే బావుండేది. మరిచిపోలేదు. వేలు దానిమీదికి పోయింది, ఆగింది, పక్కకొచ్చేసింది.

"మైనం పిసికించినావా అమ్మణ్ణీ?" అని గురువుగారు తలెత్తకుండా అడిగారు. అప్పుడే నేను ఆ ప్రశ్న వేసింది, ఫోన్ చెవికి మైనమెక్కడిదని. హైమ గారు కూడా నవ్వారు. ఆయన నా మొహంకేసి ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడ్డారు.

దొంగతనం చేద్దామని కాదు. ఆ కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. తలుపు మీద చెయ్యి వెయ్యలేదు. పొద్దున్నే ఆరూ నలభైకి పాలబూత్‌కి పోయేటప్పుడు మామూలు దారి మానేసి, ఆమె వీధిలోంచి పోయేదాన్ని. కారు మేడ కిందే ఉండేది. నేను దగ్గరికి రాగానే లైట్లు మిణుక్కుమనేవి, అద్దాల చెవులు విప్పుకునేవి. పది అడుగులు దాటగానే మళ్ళీ ముడుచుకునేవి. అంతే నా సంబరం. మా ఇంట్లో నేనొచ్చినా పోయినా తలెత్తి చూసేవాళ్ళు లేరు. అంత ఖరీదైన వస్తువు నన్ను గుర్తుపట్టి పలకరిస్తుంటే, ఆ రోజంతా నడుము నిటారుగా నిలబడేది. ఇంత చిన్నదానికి ఎవరికేం నష్టం అనుకున్నాను.

పన్నెండో రోజున హైమ గారు మళ్ళీ వచ్చారు. కారు సందులోకి పట్టదు కనుక మొగలో, మందుల షాపు ముందు ఆపి, నడిచి వచ్చి బెంచీ మీద కూలబడ్డారు. కళ్ళు లోపలికి పోయాయి. "ఆయన ఇంకా వస్తున్నాడు" అన్నారు. "రోజూ ఆరూ నలభైకి కారు తాళం తెరుచుకుందని ఫోన్‌లో కబురొస్తుంది. కిటికీలోంచి చూస్తే అద్దాలు విప్పుకుంటూ ఉంటాయి. కింద పాలకొచ్చేవాళ్ళు తప్ప ఎవరూ కనపడరు. ఎక్కడో నిలబడి తెరుస్తున్నాడు. నీ చెవి తీసినా నాకు వేరే దారుందిలే అని చెబుతున్నాడు."

"జాబితా చూసుకున్నారా తల్లీ?" అన్నారు గురువుగారు.

"చూశాను. నా పేరుంది. సర్వీస్ అని ఇంకోటుంది, అది కంపెనీ వాళ్ళదేమో." ఆమె కొంగుతో మొహం తుడుచుకున్నారు. "మా పెద్దనాన్న రేపు వస్తానన్నాడు, మా ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడి నన్ను అటు పంపించడానికి. వద్దనే ఓపిక లేదింక. ఎట్లాగూ ఎక్కడికి పోయినా వస్తాడు. ఇట్లా బిక్కచచ్చి బతికే కన్నా ఆ ఇంట్లోనే పడుండటం మేలు."

ఒక్క మాట చాలు. ఆ మాట అంటే ఈ పీట, ఈ కొట్టు, ఈయన ముందు నా మొహం, ఏవీ మిగలవు. ఎందుకో నా ఫోన్‌ని చేతిలోంచి తీసి బల్ల మీద, ఆకురాళ్ళ వెనక పెట్టాను.

గురువుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అమ్మణ్ణీ, పోయి మూడు టీలు పట్టుకురా."

టీ కొట్టు మందుల షాపు అవతల ఉంది. అంటే కారును దాటుకుని పోవాలి. "కేకేస్తే వాళ్ళే తెచ్చిస్తారు గురువుగారూ" అన్నాను.

"వాడికి చెవుడు. పోయిరా." లేచి గడప దాటాను. వెనకనుంచి ఆయన గొంతు. "ఫోన్ వదిలేసి పోతా ఉండావే? స్నానానికి పోయినా దించవు గదా నువ్వు." ఆకురాళ్ళ వెనకనుంచి తీసి నా చేతికిచ్చారు. ఆ కళ్ళల్లో కోపం లేదు. కోపముంటే తప్పించుకునేదాన్ని. జ్వరంగా ఉన్నవాళ్ళకు మందు గ్లాసు అందించేటప్పుడు ఉండే చూపు అది.

ఆ సందు నలభై అడుగులుంటుంది. అంత పొడుగు దారి నేనెప్పుడూ నడవలేదు. మందుల షాపు మెట్టు దగ్గరికొచ్చేసరికి లైట్లు మిణుక్కుమన్నాయి. చెవులు రెండూ విప్పుకున్నాయి, రోజూలాగే, అంతే ప్రేమగా. తాళం తెరుచుకున్న చప్పుడు టక్కున వినపడింది.

"వచ్చాడు!" అని కొట్లోంచి హైమ గారి కేక. ఆమె పరుగున సందులోకి వచ్చి అటూ ఇటూ వెతుకుతున్నారు. గురువుగారు మెల్లగా ఆమె పక్కకొచ్చి నిలబడ్డారు. "బెదురుకోబాకమ్మా. ఎవురొచ్చినారో సరిగ్గా చూడు" అన్నారు.

కారు పక్కన నేను తప్ప ఎవరూ లేరు.

వెనక్కి నడిచి వచ్చి ఆమె ముందు నిలబడి చెప్పాను. సర్వీస్ అన్నది నేనేనని, పాలకొచ్చేవాళ్ళలో నేనున్నానని, ఎందుకు దారి మార్చుకున్నానో కూడా. ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడే ఎక్కువ సిగ్గేసింది. "ఆయన కాదా?" అన్నారు. "కాదు మేడమ్. ఆయన చెవి ఆ రోజే పోయింది." "ఒక్కరోజు కూడా ఆయన రాలేదా?" "రాలేదు." ఆమె గోడకానుకుని గట్టిగా నవ్వారు. నవ్వు మధ్యలో ఏడుపయింది. తర్వాత నా భుజం పట్టుకుని ఊపేశారు. "పన్నెండు రోజులు! గడియ మీద గడియ పెట్టుకుని, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను. నీ ముచ్చట కోసం నన్ను పొయ్యిలోకి తోసేదానివి గదే!"

నేను తీసేద్దామని ఆమె ఫోన్ కోసం చెయ్యి చాచాను. గురువుగారు నా చేతిని ఆపారు. "ఆమె చేత్తో" అన్నారు. హైమ గారు జాబితా తెరిచారు. ఎక్కడ నొక్కాలో నేను చెప్పాను, దూరంనుంచే. 'సర్వీస్' పోయింది. ఆమె పేరొక్కటే మిగిలింది. దాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయి, పెద్దనాన్నకు అక్కడినుంచే ఫోన్ చేశారు. "రేపు రావద్దు పెద్దనాన్నా. కాదు, భయం లేదు. చెప్పాగా, లేదు. బస్సు టికెట్టు తీసుకునుంటే వచ్చి పులుసన్నం తిని పో, మాటలు మాత్రం వద్దు."

"టీ ఇంకా రాలేదు" అన్నారు గురువుగారు.

మళ్ళీ నడిచాను. కారు పక్కగా పోయాను, ఫోన్ చేతిలోనే ఉంది. లైట్లు వెలగలేదు. అద్దాలు ముడుచుకునే ఉన్నాయి. ముక్కూ మొహం తెలియనిదాన్ని వదిలేసినట్టు వదిలేసింది నన్ను. తెరుచుకున్న రోజుల్లో ఎంత అందంగా కనపడిందో, తెరుచుకోని ఆ రోజు అంతకన్నా అందంగా కనపడింది. అంత చక్కగా మరిచిపోవడం కూడా దానికొచ్చు.

హైమ గారు టీ తాగి, నాతో మాట్లాడకుండానే లేచారు. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నారు. "పొద్దున పాలకొస్తావుగా. పలకరించే దిక్కు లేకపోతే మేడెక్కి తలుపు కొట్టు. మనుషులం చచ్చామా?" ఆమె సందు మొగకు చేరగానే చెవులు విప్పుకోవడం ఇక్కడినుంచే కనపడింది.

నేను నా పనిముట్లు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాను. పొమ్మనేదాకా ఉండటం మర్యాద కాదనిపించింది. గురువుగారు అది చూడనట్టే సొరుగు లాగి, మైనం ముద్ద తీసి అరచేతిలో పెట్టుకున్నారు. అప్పుడు దాంట్లో ఏ అచ్చూ లేదు. అయినా బొటనవేలితో దాన్ని వత్తుతూ, మొగలోకి చూస్తూ కూర్చున్నారు. కారు అప్పటికే వెళ్ళిపోయింది.

"మంచి తాళమమ్మణ్ణీ అది" అన్నారు చివరికి. "పన్నెండు రోజులకే నిన్ను బజాట్లో పిలిచింది. నా మైనం నలభై ఏళ్ళయినా నన్ను పిలవలా." ముద్దను సొరుగులో పెట్టి, నా పీటను కాలితో నా వైపుకి జరిపారు.