రంపం చప్పుడు

పైడయ్య గురువు గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికో, పక్కనున్నవాడికో ఒక పని చెప్పేవారు. ఆ పని అయ్యేసరికి జవాబు మనకే తట్టాలి. తట్టకపోతే అది మన ఖర్మ. పదకొండేళ్లు ఆయన గరిడీలో సాము నేర్చుకున్నవాణ్ని, ఈ పద్ధతి నాకు కొత్త కాదు. అయినా దాలినాయుడి ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

దాలినాయుడు తాపీమేస్త్రీ. మా అందరిలోకీ బలవంతుడు. గరిడీలో చింతచేవతో చేసిన ముద్గరాలు ఏడుండేవి. ముద్గరాలంటే భుజం మీదుగా వీపు వెనక్కి తిప్పి సాము చేసే చెక్క దుడ్లు. వాటిలో పెద్దది నడుమెత్తు ఉండేది, బరువు ఇరవై కిలోల పైమాటే. పైడయ్య గారికి వాళ్ల గురువు గారు పోతూ పోతూ చేతిలో పెట్టినది అది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్లం. కళ్లకద్దుకోకుండా ఎత్తేవాళ్లం కాదు, పొరపాటున కూడా దాటేవాళ్లం కాదు. దసరా ఊరేగింపులో దాన్ని తిప్పుతూ ముందు నడిచేవాడు దాలినాయుడు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పెద్దది ఒకసారి ఎత్తినవాడు మళ్లీ చిన్నవి ముట్టుకోకూడదు. అవి కొత్తగా చేరినవాళ్లవి.

ఒక ఏడు దసరాకు ముందు, ఒళ్లు వేడెక్కకుండానే పెద్దదాన్ని ఎత్తి తిప్పేసరికి అతని కుడి భుజం కలుక్కుమంది. పట్నం డాక్టరు చూసి, కీలు దగ్గర కండ దెబ్బతింది గానీ తెగలేదని, రోజూ మెల్లగా కదుపుతూ బరువు కొద్దికొద్దిగా పెంచుకోమని చెప్పాడట. మళ్లీ మళ్లీ ఇలాగే లాగితే చెయ్యి ఇక పైకి లేవదని కూడా చెప్పాడట. మావాడు సగమే విన్నాడు. నొప్పి ఉన్నన్నాళ్లూ చేతిని గుడ్డతో మెడకు కట్టుకుని కూర్చునేవాడు. తగ్గిందనిపించిన రోజే వచ్చి పెద్దదాన్ని ఎత్తేవాడు. మళ్లీ పట్టేసేది. ఎనిమిది నెలల్లో మూడుసార్లయింది ఈ భాగోతం. సీలింగు ప్లాస్టరింగుకు చెయ్యి లేవక, గోడల అడుగు పనికి మాత్రమే పిలిచేవాళ్లు అతన్ని. మధ్యలో ఒకనాడు గురువు గారు మూలనున్న చిన్న ముద్గరాన్ని చూపించి "అది అట్టుకో" అన్నారు. అతను వంగి పట్టుకోబోయాడు. మేం నవ్వాం. ఎవడో "ఉయ్యాల కూడా కట్టమంటావేటి" అన్నాడు. ఆ ఎవడో నేనే. దాలినాయుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వైశాఖంలో ఒక ఉదయం అతను గురువు గారి ముందు కూర్చుని అడిగేశాడు.

"ఊరికే కూకుంటే బుజం బిగిసిపోతందండి. సాము సేస్తే పీకేస్తంది. కూకోమంటారా, సెయ్యమంటారా? ఏదో ఒకటి సెప్పండి. ఈ సెయ్యి లెగకపోతే నాకు కూడు లేదు."

గురువు గారు అతని భుజాన్ని కాసేపు చూసి, నా వైపు తిరిగి "వడ్రంగి ఇంటికెల్లి రంపం అట్టుకురా" అన్నారు. తెచ్చాను. ఏ కొమ్మో కోయించడానికి కాబోలు అనుకున్నాను.

ఆయన పెద్ద ముద్గరాన్ని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నారు. అరుగు మీద అడ్డంగా పడుకోబెట్టారు. దాని మీద కాలేసి తొక్కిపట్టారు. అప్పటికే మాలో సగంమంది లేచి నిలబడ్డాం. ఆ బొట్టు పక్కనే రంపం ఆనించి లాగారు.

ఆయనతో కలిసి నేర్చుకున్న పెద్దాయన ఎరకయ్య గారు నెత్తిన చేతులు పెట్టుకుని "ఒరే పైడిగా, నీకు పిచ్చెక్కిందేట్రా" అన్నారు. గురువు గారు తలెత్తలేదు. దాలినాయుడు ఆయన రెండో కాలు పట్టుకుని "నా సెయ్యి పోతే పోనీండి, దాన్ని ఒగ్గీండి బాబూ" అని ఏడ్చాడు. ఆయన కోస్తూనే ఉన్నారు. చింతచేవ అంత తేలిగ్గా తెగుతుందా? మధ్యాహ్నమైంది. లావు వైపు నుంచి మూడు ముక్కలు రాలి, పిడితో పాటు జానెడు చెక్క మిగిలింది. దాన్ని మళ్లీ కళ్లకద్దుకుని దాలినాయుడి చేతిలో పెట్టారు.

"ఇదే పెద్దది. తిప్పు."

అతను ఏడుస్తూనే తిప్పాడు. నీళ్ల చెంబంత బరువు కూడా లేదది. చెయ్యి వీపు వెనక్కి వెళ్లి ముందుకొచ్చింది. కొద్దిగా పట్టినట్టుంది, అంతే. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి మాలో ప్రాణం ఉంటే కదా.

మర్నాటి నుంచి రోజూ దాన్నే తిప్పాడు. పని కూడా మానలేదు. గోడ అడుగు నుంచి మొదలుపెట్టి, భుజం ఒప్పుకున్నంత మేరకే పైకి వెళ్లేవాడు. గురువు గారు కోసిన ముక్కలకు నడిమధ్య బెజ్జాలు వేయించి, ఇనప కడ్డీతో మళ్లీ పిడికి బిగించే ఏర్పాటు చేశారు. నలభై రోజులకు ఒక ముక్క ఎక్కింది. నొప్పి చేసిన రోజు దాన్ని విప్పేసేవాడు, తగ్గాక తగిలించుకునేవాడు. శ్రావణంలో సీలింగు పనికి పరంజా ఎక్కాడు. మళ్లీ దసరా నాటికి రెండో ముక్క ఎక్కింది. మూడోది అలాగే గూట్లో ఉంది. ఆ అతుకుల దుడ్డుని తిప్పుతూనే ఊరేగింపు ముందు నడిచాడు. జనం చెవులు కొరుక్కున్నారు. అతని చెయ్యి మాత్రం ఎక్కడా ఆగలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఊరేగింపు అయ్యాక అందరం అరుగు మీద టీ తాగుతున్నాం. రంపం పట్టిన రోజు నుంచీ గురువు గారితో మాట్లాడని ఎరకయ్య గారు ఆనాడు ఉండబట్టలేక అడిగారు.

"మన గురువు గారి గురుతు కదరా అది. కాలేసి తొక్కి మరీ కోసినావు. నీకు సెయ్యెలాగాడింది?"

పైడయ్య గురువు గారు గ్లాసు కింద పెట్టారు.

"ఆ కర్ర మీద రంపం ఒక్క పూట ఆడితే అందరూ గుండెలు బాదుకున్నారు" అని, దాలినాయుణ్ని దాటి నా వైపు చూశారు. "ఈడి బుజం మీద ఎనిమిది నెలలు ఆడింది. ఒక్కడికైనా సప్పుడినబడిందేటి?"