అనుపల్లవిలో ఆగే చోటు

వీణ నేర్చుకునే కామేశం చేతుల్లో రోజుకు నలభై నిమిషాలుండేవి. అవి దాటితే వేళ్ల కీళ్లలో సన్నగా నిప్పు రాజుకునేది. వాపు లేదు, ఎరుపు లేదు. పరీక్షల కాగితాలన్నీ శుభ్రంగానే వచ్చాయి. అందుకని పది నిమిషాలు స్వరాలకు, పాతిక కీర్తనకు, ఎందుకైనా మంచిదని ఓ అయిదు చేతిలో ఉంచుకుని, అయిపోగానే వీణ దించేసేవాడు.

"జమీందారుగారికి చెమట పట్టకముందే విశ్రాంతి!" అనేవాడు పెద్ద శిష్యుడు కూర్మారావు.

ఒకనాడు కామేశం ఉండబట్టలేక గురువు పేరిందేవమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. "అమ్మగారూ, నా జబ్బు పైకి కనిపించదు. పోనీ వీణలోనైనా వినిపిద్దామని ఏడుపంతా పోసి వాయిస్తే, కరుణరసం బాగా పండిందంటున్నారు. ఒంట్లో ఉన్నదాన్ని పలికించడం ఎలాగమ్మా? అది చేతకాకపోతే ఈ విద్య నాకెందుకు? రేపటినుంచి మానేస్తాను."

ఆవిడ ఆరుగురు శిష్యుల్నీ పిలిచి, తాను కట్టిన సహాన రాగ కీర్తన ఒక్కొక్కరినీ వాయించమంది. అనుపల్లవిలో, పై షడ్జానికి తీగ లాగబోయే ముందు, ఆరుగురూ ఒకే చోట ఆగారు. ఆ ఆగడమే వాళ్ల బాణీకి ముద్ర. సభల్లో తలలూగేదీ అక్కడే.

"అక్కడెందుకాగుతారర్రా?"

"రాగం ఊపిరి తీసుకునే చోటు కదమ్మా," అన్నాడు కూర్మారావు తడుముకోకుండా.

"తాళంలో రెండున్నర అక్షరాలు," అన్నాడు కామేశం. లెక్కల్లో అతనికి తిరుగులేదు. "మీరు వాయించినప్పుడల్లా కొలిచాను. ఏడేళ్లలో ఒక్కసారి మూడయింది."

"ఆవేళ మరీ ఎక్కువగా ఉంది," అంది పేరిందేవమ్మ.

ఏది ఎక్కువగా ఉందో ఎవరికీ బోధపడలేదు. ఆవిడ ఎడమచెయ్యి చాపింది. చూడ్డానికి తమలపాకులా ఉంది. "ఇరవై రెండేళ్లుగా, అంత బలంగా తీగ లాగబోతే ఈ చూపుడువేలు బిగుసుకుపోతుంది. అది వదిలేదాకా ఆగుతాను."

కామేశం ఏడేళ్లు ఎదురుగా కూర్చుని ఆవిడ నొప్పిని కొలిచాడు, పుస్తకంలో రాసుకున్నాడు, సభలో వాయించి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు!

కూర్మారావు ముందుకు జరిగాడు. "ఒక్కనాడైనా చెప్పలేదేమమ్మా?"

"రోజూ చెబుతూనే ఉన్నాను కదరా."

ఆవిడ వీణను కామేశం వైపు జరిపింది. అతను అందుకుని, మొదటి మెట్టు మీద వేలు పెట్టబోయాడు.

"నేనాగిన చోట ఆగకు, నాయనా," అందావిడ. "నీది ఎక్కడో అక్కడే ఆగు. తాళం నేను వేస్తాను."