గాటు పెట్టని పనసపిక్కలు

అనగనగా ఒక కొండ అడవిలో ఒకే ఒక్క పొయ్యి ఉండేది. అది దాలమ్మ అనే ముళ్లపందిది. వేసవిలో కార్చిచ్చు ఆరిపోతుంటే, కాలుతున్న మొద్దునొకదాన్ని దొర్లించుకొచ్చి రాతి చూరు కింద పెట్టుకుంది. అప్పటినుంచి దాన్ని ఆరనివ్వలేదు. ఆరిందంటే మళ్లీ వేసవి దాకా అడవిలో ఎవరికీ నిప్పుండదు. ఈ సంగతి అందరికీ తెలుసు, గున్నయ్యకు కూడా తెలుసు.

గున్నయ్య ఎలుగుబంటి. పనసపండు ఎక్కడ ముగ్గినా మొదట అతని ముక్కుకే తెలిసేది. తొనలు తాను తిని, పిక్కలు దాలమ్మకు తెచ్చిచ్చేవాడు. పెద్ద మనసే. దాలమ్మ ఒక్కో పిక్కకూ పంటితో చిన్న గాటు పెట్టి, వేడి బూడిదలో కప్పి కాల్చేది. ఇద్దరూ పంచుకుని తినేవారు.

ఆ ఏడు గట్టిగా ముసురు పట్టింది. కుందేలు చిన్నమ్మడు అప్పుడే మూడు పిల్లల్ని కంది. వాటికింకా ఒంటిమీద బొచ్చు రాలేదు. చలికి వణుకుతుంటే తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టింది. బాలింత కోసం దాలమ్మ పొయ్యి మీద కుండెడు జావ పెట్టింది.

"గున్నయ్యా, గుహలో దాచిన చితుకులు తెస్తాను. ఈలోగా ఈ బుట్టెడు పిక్కలూ కాల్చు. గాటెట్టకుండా ఒక్కటీ వెయ్యకు" అంది దాలమ్మ.

"ఎందుకత్తా?"

"లోపలి ఆవిరికి దారుండాల."

గున్నయ్య గోటితో పది పిక్కలకు గాట్లు పెట్టాడు. బుట్టలోకి చూశాడు. ఇంకో పదింటికి పెట్టి మళ్లీ చూశాడు. బుట్ట ఏమాత్రం తగ్గలేదు. "బూడిదలో కప్పాక ఎవరు చూస్తారు?" అనుకున్నాడు. గాట్లు లేనివన్నీ అడుగున పోశాడు. గాట్లున్న ఇరవై పిక్కలూ పైన పేర్చాడు.

"అన్నిటికీ గాట్లెట్టీసావా మామా?" అని అడిగింది చిన్నమ్మడు.

"ఎట్టీసాను" అన్నాడు గున్నయ్య, బూడిద కప్పుతూ.

మొదటి పిక్క పేలి అతని ముక్కుకు తగిలింది. "ఒకటి తప్పిపోయినట్టుంది" అన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

రెండో పిక్క పేలి నిప్పురవ్వను అతని తొడ మీద పడేసింది. బొచ్చు కాలిన వాసన వచ్చింది. "ముసురుకి ఇలాగే అవుద్ది" అన్నాడు. అప్పుడైనా పిక్కల్ని బయటికి లాగవచ్చు. లాగితే అబద్ధం బయటపడుతుంది కదా, అందుకని లాగలేదు.

మూడోసారి గాట్లు లేనివన్నీ కలిసి పేలాయి. కుండ పగిలి, జావంతా పొయ్యిలో పడింది. బుస్సుమని పొగ లేచింది.

దాలమ్మ చితుకులతో వచ్చి బూడిద కెలికింది. ఒక్క నిప్పుకణిక కూడా మిగల్లేదు. మూలకు ఎగిరిపడ్డ పిక్కనొకదాన్ని తీసి, తిప్పి చూసింది.

"గాటేదిరా?"

"ఎట్టలేదత్తా. ఎట్టానని అబద్ధమాడాను" అన్నాడు గున్నయ్య.

చిన్నమ్మడు పిల్లల్ని దగ్గరికి లాక్కుంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేదని గున్నయ్యకు అనిపించింది. జీవితంలో మొదటిసారి అతనికి సిగ్గేసింది.

"నా ఒంటినిండా ముళ్లు. ఈ పిల్లల్ని నేను పొదువుకోలేను. నీకు బొచ్చుంది. తొంగో" అంది దాలమ్మ.

గున్నయ్య వెల్లకిలా పడుకున్నాడు. చిన్నమ్మడు మూడు పిల్లల్నీ అతని పొట్ట మీద పడుకోబెట్టింది. ముసురు పదకొండు రోజులుంది. పదకొండు రోజులూ అతను పక్కకు తిరగలేదు. ఐదో రోజు దగ్గర్లోనే ఒక పనసపండు ముగ్గింది. వాసన చూస్తూ అలాగే పడుకున్నాడు. పిల్లలు బతికాయి.

మళ్లీ వేసవి వచ్చింది. దాలమ్మ మరో మొద్దు దొర్లించుకొచ్చింది. గున్నయ్య బుట్టెడు పిక్కలకూ గాట్లు పెట్టి తెచ్చాడు. దాలమ్మ ఒక్కోదాన్నీ తిప్పి చూసి బూడిదలో వేస్తోంది.

"నామీద నమ్మకం లేదా అత్తా?"

"నమ్మకమూ ఉంది, కళ్లూ ఉన్నాయి" అంది దాలమ్మ.

కుందేలు పిల్లలు ఇప్పుడు బాగా ఎదిగాయి. పొయ్యి దగ్గర బోలెడు చోటుంది. అయినా మూడూ వెళ్లి గున్నయ్య పొట్ట మీదే కూర్చున్నాయి.

నీతి: చేయని పనిని చేశానని కప్పిపెడితే, దాని దెబ్బ మనతో ఆగదు. మన పక్కన పడుకున్న పసివాళ్లకూ తగులుతుంది.